ప్రశ్న చివర దగ్గు

ఆ చిన్నపిల్లల బడిలో ఆమెను అందరూ గంటమ్మ అనేవారు. అది పెట్టిన పేరు కాదు, పడిన పేరు. మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలకు పాఠం చెప్పే టీచరు ఆమె. వయసులో ఉన్నప్పుడు గది మధ్యలో నుంచుని "కూర్చోండర్రా" అంటే, వీధిలో పోయేవాడు కూడా ఎక్కడ కూర్చోవాలా అని అటూ ఇటూ చూసేవాడు. ఈ బడికి వేరే గంట ఎందుకని ఎవరో తల్లి నవ్వుతూ అంది. అప్పటినుంచి గంటమ్మే.

ఇప్పుడు ఆ గంటకు బీట వారింది.

మొదట్లో పొద్దున పూట మాత్రం గొంతు బొంగురుగా ఉండేది. కాసేపటికి సర్దుకునేది. తర్వాత సర్దుకోవడం మానేసింది. సాయంత్రమయ్యేసరికి నోరు తెరిస్తే గాలి వచ్చేది, మాట వచ్చేది కాదు. మధ్య మధ్య దగ్గు. గొంతు డాక్టరు లోపలికి లైటు వేసి చూసి, "కాయలు కాచాయమ్మా" అన్నాడు. పలుగు పట్టేవాడికి అరచేతిలో కాచినట్టే, అరిచేవాళ్ళకి గొంతులో కాస్తాయట. మాట తగ్గించకపోతే ఉన్నది కూడా పోతుందన్నాడు.

"నేను టీచర్నండీ," అంది ఆమె.

"తెలుస్తూనే ఉంది," అన్నాడు ఆయన.

ఈ సంగతి ఆమె బడిలో చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. అంతకుముందు నడుము పట్టేసిన టీచరు ఒకావిడను ఉయ్యాలల గదికి మార్చారు. నడవడం కూడా రాని పసివాళ్ళను పడుకోబెట్టే గది అది. అక్కడ పాఠం లేదు. తడిగుడ్డ మార్చాలి, ఉయ్యాల ఊపాలి, అంతే. ఆ పని తక్కువని గంటమ్మ ఏనాడూ అనుకోలేదు. కానీ పెద్దపిల్లల గదిలో ఒక చిత్రం జరుగుతుంది. నిన్నటిదాకా తెలియని మాట ఇవాళ పిల్ల నోట్లోంచి ఊడిపడుతుంది. పడ్డాక ఆ పిల్లే ఆశ్చర్యపోయి చుట్టూ చూస్తుంది. అది చూడటానికే, కాళ్ళు పీకుతున్నా, నడుము లాగుతున్నా, ఆమె ఇన్నేళ్ళు నిలబడింది. భర్త పోయాడు. కడుపున పిల్లలు లేరు. రోజు మొత్తంలో ఆమెకంటూ ఉన్నది ఆ ఒక్క గది. దాంట్లోంచి లేపేస్తారని భయపడి నోరు మూసుకుంది. నోరు మూసుకోవడమే డాక్టరు చెప్పిన మందు కూడా. కాకపోతే ఆయన మూయమన్న చోట మూయలేదు.

ఇలా ఉండగా బడికి ట్యాబు వచ్చింది. హెడ్ మేడమ్ దాన్ని పురిటి బిడ్డను తెచ్చినట్టు రెండు చేతుల మీద తెచ్చింది.

"పిల్లలకి ఇంగ్లీషు ఇందులో కథలు చూపించి నేర్పాలి గంటమ్మగారూ. డిజిటల్ కథలు. తల్లిదండ్రులు నా ప్రాణం తీస్తున్నారు. పక్క వీధి బడిలో అప్పుడే పెట్టేశారట."

"అలాగేనండీ," అంది గంటమ్మ. ఆ ఒక్క మాటకే గొంతు జీరపోయింది. మేడమ్ ట్యాబు మీద ధ్యాసలో ఉంది కాబట్టి సరిపోయింది.

అందులో ముందే ఉన్న కథలు వేసి చూపించింది. బొమ్మలు బాగానే ఉన్నాయి. ఎలుగుబంటి టోపీ పెట్టుకుంది. ఏనుగు గొడుగు పట్టుకుంది. కథ చెప్పే గొంతు మాత్రం రైలు తప్పిపోతున్నట్టు చెప్పింది. ఏ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గంటమ్మకే అందలేదు. పిల్లలు కిటికీలోంచి బస్సు పోతుంటే చూసినట్టు చూశారు.

"ఏం చూశార్రా?" అని అడిగింది.

ఉడుత అని అందరూ పిలిచే పిల్ల బాగా ఆలోచించి, "టీవీ," అంది.

గంటమ్మ తమ్ముడికి ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. ఆమె ఉండేది ఆ కొట్టు మీద గదిలోనే. ఆ సాయంత్రం ట్యాబు తెచ్చి అతని బల్ల మీద పెట్టింది.

"ఇందులో మన కథ మనం పెట్టుకోవచ్చట్రా?"

"ఎందుకు పెట్టుకోకూడదూ? ఫొటో తియ్యి. దాని మీద నీ గొంతు పట్టించు, అదే, రికార్డు చెయ్యి. ఒకదాని వెనక ఒకటి తగిలించు. డిజిటలంటే అంతే. ఈ మిషను ముందే వచ్చుంటే నువ్వు బావని తిట్టిన తిట్లన్నీ దాచేవాళ్ళం. పాపం, ఆయన పోయిన చోట వినేవాడు."

"నోర్ముయ్. ఎలా తగిలించాలో చూపించు."

చూపించాడు. ఒకసారి చూపిస్తే వచ్చే పని కాదది. అతను విసుక్కున్నాడు, ఆమె విసుక్కుంది, మరదలు లోపలి నుంచి ఇద్దరి మీదా విసుక్కుంది. చివరికి వచ్చింది.

బడి వంటగది వెనక గోడ మీద ఒక పిల్లి కాపురం పెట్టి చాలా రోజులైంది. గంటమ్మ దాని వెంట పడింది. పిల్లి చెప్పుల స్టాండు పక్కన ఉన్నప్పుడు ఒక ఫొటో, తలుపు వెనక తోక మాత్రం కనపడుతుంటే ఒకటి, ఎండకి ఒట్టి బకెట్టులో ముడుచుకుని పడుకుంటే ఒకటి. పిల్లలు రాకముందే వచ్చి, పరుపులు పేర్చిన సామాన్ల గదిలో తలుపు వేసుకుని గొంతు పట్టించింది. పరుపుల మధ్య చప్పుడు మెత్తగా పడుతుందని తమ్ముడు చెప్పాడు.

"దిస్ ఈజ్ ఎ క్యాట్." ఇది బాగానే పలికింది. "వేర్ ఈజ్ ద క్యాట్?" దగ్గరే చిక్కు. అడిగేటప్పుడు గొంతు పైకి ఎత్తాలి. ఎత్తగానే లోపల ఏదో గీరుకుని దగ్గు వచ్చేది. చెరిపి మళ్ళీ చెప్పింది. మళ్ళీ అక్కడే దగ్గు. మళ్ళీ చెరిపింది. ఇలాగే చేస్తే పిల్లలు వచ్చేసరికి ఆ రోజుకి మాటే మిగలదనిపించింది. మనిషన్నాక దగ్గదా అనుకుని వదిలేసింది.

ఆ కథ పిల్లలకు పట్టేసింది.

"మన పిల్లే!"

"మన బకెట్టే!"

"ఆ చెప్పులు నావి!" అని గుండ్రాయి అనే పిల్లవాడు లేచి నుంచుని కాళ్ళు చూపించాడు.

మళ్ళీ వెయ్యమన్నారు. వేసింది. మళ్ళీ వెయ్యమన్నారు. ట్యాబులో తన గొంతు చెబుతుంటే, గంటమ్మ పక్కన కూర్చుని చప్పుడు లేకుండా పెదవులు కదిపింది. పిల్లలు సగం బొమ్మ వైపు, సగం ఆమె నోటి వైపు చూస్తూ అన్నారు. క్యాట్ అంటే క్యాటు అన్నారు. డోర్ అంటే డోరు అన్నారు. ఉకారం లేనిదే ఏ మాటా వాళ్ళ నోట్లోంచి దిగదు. అది తర్వాత చూసుకోవచ్చు. ఆమెకు మాత్రం చాలా కాలానికి, సాయంత్రం తమ్ముణ్ణి "ఒరేయ్" అని పిలవడానికి గొంతు మిగిలింది.

ఇంకో కథ చేసింది, ఇంకోటి చేసింది. ప్రతి కథలోనూ ఏదో ఒకటి దాక్కునేది. ఎక్కడుందని అడగాలి కాబట్టి. అడిగిన ప్రతిచోటా దగ్గు పడింది. తన దగ్గు తనకు వినపడటం మానేసి చాలా రోజులైంది కాబట్టి, పిల్లలు ఏమంటున్నారో ఆమె చెవికి ఎక్కలేదు.

తల్లిదండ్రుల చెవికి ఎక్కింది.

ఒక రోజు బడి వదిలే వేళకి నలుగురైదుగురు కలిసి మేడమ్‌ను గేటు దగ్గరే పట్టుకున్నారు. ముందు గుండ్రాయి తల్లి మొదలుపెట్టింది.

"మీ బడిలో ఏదో దగ్గు తిరుగుతోంది మేడమ్. మావాడు పడుకుంటే దగ్గడు. పరిగెత్తితే దగ్గడు. ఇంగ్లీషు మాట్లాడితే దగ్గుతాడు."

"ఇంగ్లీషు మాట్లాడితేనా?"

"వాడికి పడదేమో," అంది పక్కనున్న తల్లి. "మావారికీ అంతే. ఇంగ్లీషు పడదు."

ఉడుత తాత మనవరాల్ని ఎత్తుకుని నుంచున్నాడు. ఎండ మాడ్చేస్తోంది. అంత ఎండలోనూ పిల్ల మెడకు ఉన్ని మఫ్లరు చుట్టి ఉంది. పిల్ల ముఖం చెమటతో మెరుస్తోంది.

"డాక్టరుకి చూపించానమ్మా," అన్నాడు తాత. "వీపు మీద గొట్టం పెట్టి, దగ్గమ్మా దగ్గమ్మా అంటాడు. ఊహూఁ. దగ్గదు. ఏమీ లేదు పొమ్మన్నాడు. ఆయన చేతులు కడుక్కోడానికి లోపలికి వెళ్ళాడో లేదో, ఇది 'వేరీజ్ ద డాక్టరు' అని అడిగి, ఖళ్ మని దగ్గింది. నేను వెంటనే పిలిచాను. ఆయన వచ్చేసరికి మళ్ళీ లేదు. నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు."

గంటమ్మ పక్కనే స్తంభానికి ఆనుకుని నుంచుంది. అప్పుడు వినపడింది ఆమెకు, ఇన్నాళ్ళుగా గదిలో ఏం మోగుతోందో.

"గదిలో చెమ్మేమైనా ఉందేమో చూడండి గంటమ్మగారూ," అంది మేడమ్ అలసిపోయిన గొంతుతో. "రేపు నేనే వచ్చి కూర్చుంటాను."

గంటమ్మ తలూపింది. మాట్లాడే ధైర్యం చెయ్యలేదు.

ఇంటికి వస్తూనే తమ్ముడి ముందు ట్యాబు పెట్టింది. "ఇందులో దగ్గులన్నీ కత్తిరించేయ్."

అతను చెవుల్లో తీగలు పెట్టుకుని విన్నాడు. వింటుంటే అతని ముఖంలో వేళాకోళం తగ్గింది.

"అక్కా, ఇంతగా ఉందా? నాతో మాట్లాడేటప్పుడు ఇంత లేదే."

"నీతో మాట్లాడేదేముంది, అన్నం తిన్నావా, పడుకున్నావా. కత్తిరించు."

"మీ మేడమ్‌కి చెప్పెయ్యరాదూ?"

"ఉయ్యాలల గదికి పంపేస్తుంది."

"పంపితే పంపనీ. కూర్చుని చేసే పని. నుంచుని నుంచుని గోడకి కొట్టిన మేకులా తయారయ్యావు."

"కత్తిరిస్తావా, ఇంకో కొట్టుకి పొమ్మంటావా?"

"కత్తిరిస్తానే తల్లీ. మేకు అన్నందుకు అంత కోపమా?" అని అతను పని మొదలుపెట్టాడు. మధ్యలో ఒకసారి తలెత్తి, "ఒక్కటి గుర్తుకి ఉంచనా? ఇది చాలా బాగా వచ్చింది," అన్నాడు. ఆమె నవ్వలేదు. అతను అది కూడా తీసేశాడు.

మర్నాడు మేడమ్ వచ్చి పిల్లల కుర్చీలో కూర్చుంది. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. గంటమ్మ ట్యాబు గోడకు ఆనించి పిల్లి కథ వేసింది. గొంతు శుభ్రంగా ఉంది. కడిగిన గ్లాసులా ఉంది. దిస్ ఈజ్ ఎ క్యాట్. పిల్లలు అన్నారు. వేర్ ఈజ్ ద క్యాట్?

ఎవరూ అనలేదు. చెయ్యి గాలిలో ఉండగా ఆగిపోయినట్టు ఆగారు.

"టీచరమ్మా, పాడైపోయింది," అన్నాడు గుండ్రాయి.

"పాడవలేదు నాన్నా, అనండి," అంది గంటమ్మ లోగొంతుతో.

"సగమే చెప్పింది. నేను చెప్తా ఉండు," అని ఉడుత లేచింది. "వేరీజ్ ద క్యాటు, ఖళ్!"

"వేరీజ్ ద క్యాటు, ఖళ్!" అని గదంతా అందుకుంది. కొందరు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని మరీ అన్నారు. గంటమ్మ అలాగే పెట్టుకుంటుంది మరి.

మేడమ్ చెయ్యెత్తి ఆపింది. కోప్పడలేదు. బకెట్టు బొమ్మ చూపించి అదేమిటని అడిగింది. "దిసీజె బకెట్టు" అన్నారు పిల్లలు. దగ్గు లేదు. పిల్లి బొమ్మ చూపించింది. దగ్గు లేదు. ఆవిడ కాసేపు ఆలోచించి, ఒళ్ళో ఉన్న బ్యాగు తీసి వెనక దాచి, చేతులు ఖాళీగా చూపించింది.

"వేరీజ్ ద బ్యాగు, ఖళ్!" అన్నారు పిల్లలు, ఎవరూ నేర్పకుండానే.

"అడిగేటప్పుడే దగ్గుతున్నారు," అంది మేడమ్ మెల్లిగా, తనలో తను అనుకుంటున్నట్టు. "మనం తెలుగులో అడిగితే వచ్చిందా, పోయిందా అని చివర సాగదీస్తాం. ఇంగ్లీషులో సాగదియ్యడానికి వీళ్ళకి ఏమీ దొరకలేదు. ఇది దొరికింది." ఆవిడకు నవ్వు వచ్చింది. నవ్వు సగంలో ఉండగా గంటమ్మ వైపు తిరిగింది. "ఎవరి దగ్గండీ ఇది?"

గంటమ్మ చెబుదామని నోరు తెరిచింది. గాలి వచ్చింది. గాలి వెనక దగ్గు వచ్చింది. అచ్చం అదే.

గుండ్రాయి చప్పట్లు కొట్టాడు. "టీచరమ్మ కరెక్టుగా చెప్పింది!"

ఆఫీసు గదిలో మేడమ్ ఆమెకు వేణ్ణీళ్ళు తెప్పించి ఇచ్చింది. డాక్టరు ఏమన్నాడో అడిగి తెలుసుకుంది. విని, కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది.

"నాకు ముందే చెప్పాల్సింది."

"చెబితే లేపేస్తారని."

"లేపెయ్యక ఏం చెయ్యమంటారు? గొంతు పోయేదాకా అరిపించానన్న పాపం నాకెందుకు?" ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "ఒక పని చెయ్యండి. మీ కథలు పిల్లలకి పట్టాయి. కాదనను. ఏడాదికి సరిపడా కథలన్నీ, దగ్గు లేకుండా, తీరిగ్గా చేసి పెట్టెయ్యండి. కొత్తమ్మాయి వచ్చి మీట నొక్కుతుంది. మీ గొంతు గదిలోనే ఉంటుంది. మీరు ఉయ్యాలల గదిలో కాస్త సుఖంగా ఉండండి. అందరికీ మంచిదే కదా?"

గంటమ్మకూ అలాగే అనిపించింది. నిజంగానే అందరికీ మంచిదే. తలూపి, ట్యాబు పట్టుకుని సామాన్ల గదికి వెళ్ళింది.

తలుపు వేసింది. పరుపులకు ఎదురుగా కూర్చుంది. కుక్క కథ. ఎర్ర చుక్క నొక్కి, "దిస్ ఈజ్ ఎ డాగ్," అంది. వేణ్ణీళ్ళ పుణ్యమా అని గొంతు బాగానే లేచింది. "వేర్ ఈజ్ ద డాగ్?" ఈసారి దగ్గు కూడా రాలేదు. చాలా రోజులకు అంత శుభ్రంగా పలికింది.

పరుపులు ఏమీ అనలేదు.

ఈ గొంతు ఇక ఎంత మిగిలిందో డాక్టరు చెప్పలేదు. మిగిలిన దాంట్లో మంచిది, అడుగున ఉన్నది, ఇప్పుడే పలికింది. ఎదురుగా పరుపులు, ఒక విరిగిన కుర్చీ. పక్క గదిలో పిల్లలు ఆయా మీద పడి గోల చేస్తున్నారు. ఎవడో ఏడుస్తున్నాడు. గుండ్రాయే అయ్యుంటాడు. వాడి ఏడుపు ముందు ముక్కుతో మొదలవుతుంది.

ఆమె లేచి ఆఫీసు గదికి వెళ్ళింది.

"అప్పుడే అయిపోయిందా?" అంది మేడమ్.

"లేదండీ. ఉన్న గొంతుతో పరుపులకి కథ చెప్పలేను."

"అంటే?"

"పిల్లల ముందే చెప్తాను. రోజుకొక్క కథ. తక్కిన పాటా ఆటా ఆయా చూసుకుంటుంది. మీకు కావాలంటే పక్కన ట్యాబు పెట్టి రికార్డు చేసుకోండి. పడ్డది పడుతుంది."

"పిల్లల గోల పడుతుంది. మీ దగ్గు పడుతుంది."

"పడనివ్వండి."

"పూర్తిగా పోతే?"

"పోతే ఆ రోజే ఉయ్యాలల గదికి వెళ్తాను. మీరు పంపక్కర్లేదు."

మేడమ్ బల్ల మీద మోచేతులు పెట్టి తల పట్టుకుంది. "గేటు దగ్గర వాళ్ళకి నేనేం చెప్పుకోనండీ?"

"మీరు చెప్పొద్దు. నేను చెప్తాను."

ఆవిడ తల పైకెత్తింది. ఆఖరికి, "సెలవులదాకా చెయ్యండి," అంది. "ఆ తర్వాత చూద్దాం."

చూద్దాం అంటే ఏమిటో గంటమ్మకు తెలుసు. అయినా సరేనంది.

మరునాడు పిల్లల్ని దింపే వేళకు గేటు దగ్గర నుంచుంది. "దగ్గు పిల్లలది కాదమ్మా. నాది," అంది. "నా గొంతు పాడైంది. కథలో నా దగ్గు పడింది. వీళ్ళు అది కూడా ఇంగ్లీషే అనుకున్నారు." ఆ కాస్త చెప్పడానికి మధ్యలో రెండు చోట్ల ఆగవలసి వచ్చింది. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. ఒకప్పుడు వీధి చివరకు వినపడ్డ గొంతు ఇప్పుడు గేటు దాటడం లేదు.

"అయ్యో, ఇదేం గొంతు గంటమ్మగారూ!" అంది గుండ్రాయి తల్లి. "మాతో ఒక్క మాట అనకూడదూ? వాడికి ఎన్ని మందులు పోశానో! చేదని వాడు నన్ను కొరికాడు కూడా."

"గొంతు లేని టీచరు ఇంగ్లీషేం చెప్తుందో," అని వెనక నుంచి ఎవరో అన్నారు. మెల్లిగానే అన్నారు గానీ వినపడింది. గంటమ్మ విననట్టు నుంచుంది.

ఉడుత తాత మనవరాలి మెడనుంచి మఫ్లరు విప్పాడు. విప్పాక దాన్ని ఏం చెయ్యాలో తోచక, "మీరు వేసుకోండమ్మా," అని చాచాడు. వద్దంటే బాధపడేట్టున్నాడు. ఆ ఎండలో ఆమె దాన్ని మెడకు చుట్టుకుని లోపలికి నడిచింది. తమ్ముడు చూడలేదు, అదృష్టం.

గదిలో గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. కుక్క కథ బొమ్మల కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది. మొదటి మాట వెనక వరసకు వినపడలేదు. ఏమందంటే ఏమందని వాళ్ళు ముందుకు పాకారు. రెండో మాటకు ముందువాళ్ళు ఆమె మోకాళ్ళ మీద చేతులు వేశారు. ఆమె అరవలేదు కాబట్టి వాళ్ళూ అరవలేదు. అడగవలసిన చోట ఆమె అడిగింది. దగ్గు వచ్చింది. పిల్లలు ఆమె తేరుకునేదాకా ఆగి, తర్వాత అన్నారు. కొందరు దగ్గుతో అన్నారు. కొందరు ఈసారి దగ్గు లేకుండా, ఆమె వైపే చూస్తూ అన్నారు.

ఉడుత వచ్చి ఆమె పాదం మీద కూర్చుంది. కాసేపటికి కాలు తిమ్మిరెక్కింది. కదిపితే పిల్ల లేస్తుంది. లేస్తే మళ్ళీ అందర్నీ సర్దాలి. అంత ఓపిక ఆమెకు లేదు. కాలు అలాగే వదిలేసి, తర్వాతి బొమ్మ పైకి తీసింది.